విలువ కట్టే ఇంగ్లీషు మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఎస్టిమేట్, అసెస్, ఎవాల్యుయేట్, అప్రెయిజ్ లాంటి మాటల దగ్గర వాళ్లు ఆగిపోవడం ఏటా చూస్తున్నాను. ఉద్యోగంలో చేరాక ఫోన్ చేసి అడిగేవాళ్లూ ఉన్నారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను.

తెలుగులో 'అంచనా' ఒక్కటి చాలు కదా, ఇంగ్లీషులో ఇన్ని మాటలెందుకు?

మనకు మాత్రం ఒక్కటే ఉందా? పెళ్లికి ఎంతమంది వస్తారో అంచనా వేస్తాం. పాత బండికి వెల కడతాం. రెండు కాలేజీలను బేరీజు వేసుకుంటాం. మున్సిపాలిటీవాళ్లు పన్ను మదింపు చేస్తారు. పరీక్ష పేపర్లు దిద్దుతారు. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూస్తారు. ఇవన్నీ ఒకే పని అని ఎవరైనా అంటే మనం ఒప్పుకోం. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఏ మాటైనా ఒకటేలే అనిపిస్తుంది. బడిలో ఈ మాటలన్నిటికీ ఎదురుగా 'అంచనా వేయు' అని రాసుకుని బట్టీ పట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

నా దగ్గర ఉన్న సూత్రం చిన్నది. పని పూర్తయ్యాక ఏం తేలుతుందో చూడండి. సుమారుగా ఒక అంకె తేలితే అది ఎస్టిమేట్. నిపుణుడు చూసి ఇంత ధర పలుకుతుందని తేలిస్తే అప్రెయిజ్, లేదా వాల్యూ. ఎవరు ఎంత కట్టాలో, ఎవరికి ఏ అర్హత ఉందో, ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో తేలితే అసెస్. చేసిన పని బాగుందా, ఫలితం ఇచ్చిందా అన్నది తేలితే ఎవాల్యుయేట్. ప్రతి వాక్యానికీ ఇది అతికినట్టు సరిపోదు గానీ, పదిలో ఎనిమిది చోట్ల దారి చూపిస్తుంది.

ఎస్టిమేట్ ఎక్కడ వాడాలి?

అసలు లెక్క ఇంకా చేతికి రానప్పుడు. ఇల్లు కట్టకముందు, పంట కోయకముందు, ఏడాది ముగియకముందు. ప్రభుత్వ బడ్జెట్ చూడండి. రాబోయే ఏడాదికి వేసేవి బడ్జెట్ ఎస్టిమేట్లు, ఏడాది నడుస్తుండగా సవరించుకునేవి రివైజ్డ్ ఎస్టిమేట్లు, అన్నీ ముగిశాక వచ్చే అసలు లెక్కలను యాక్చువల్స్ అంటారు. తెలుగు పత్రికలు రాసే 'బడ్జెట్ అంచనాలు, సవరించిన అంచనాలు' ఇవే. లోక్‌సభలో 1950 నుంచి అంచనాల కమిటీ అని ఒకటుంది, అందులో 30 మంది సభ్యులుంటారు. దాని ఇంగ్లీషు పేరులోనూ ఎస్టిమేట్స్ అనే మాటే ఉంది.

పలకడంలో ఒక తేడా ఉంది. నామవాచకమైతే చివర తేలిపోతుంది, 'ఎస్టిమిట్' అన్నట్టు వినిపిస్తుంది. క్రియ అయితే చివర 'మేట్' అని స్పష్టంగా పలుకుతారు. మనం రెండింటినీ ఎస్టిమేట్ అనే అంటాం, అర్థం కాకపోవడం ఏమీ ఉండదు. వినేటప్పుడు తెలిసి ఉంటే మంచిది.

రాసేటప్పుడు జరిగే తప్పు వేరు. 'ఎస్టిమేటెడ్ అబౌట్ ఫైవ్ ల్యాక్స్' అని రాస్తారు. అంకె ముందు రావలసింది 'ఎట్': 'ద కాస్ట్ ఈజ్ ఎస్టిమేటెడ్ ఎట్ ఫైవ్ ల్యాక్స్'. ఎస్టిమేట్ అంటేనే సుమారు కాబట్టి 'అబౌట్' అక్కర్లేదు. అలాగే 'యాన్ ఎస్టిమేటెడ్ ఫైవ్ హండ్రెడ్ పీపుల్' అని పత్రికల్లో కనిపిస్తే కంగారు పడకండి. బహువచనానికి ముందు 'యాన్' ఏమిటని పిల్లలు అడుగుతారు. అది సరైన వాడుకే.

మేస్త్రీ ఇచ్చే ఎస్టిమేట్, కొటేషన్ ఒకటే కదా?

కాదు. ఈ తేడా తెలియక నేను డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మా ఇంటి ప్రహరీ ఒక వైపు కూలితే బాగుచేయించడానికి ఒకాయనను పిలిచాం. ఆయన టేపు పట్టి కొలిచి, తెల్ల కాగితం మీద ఇటుకలు, సిమెంటు, ఇసుక, కూలీ అని నాలుగు వరుసలు రాసి, కింద మొత్తం 85 వేలు అని వేసి ఇచ్చాడు. కాగితం పైన ఇంగ్లీషులో ఎస్టిమేట్ అని ఉంది. దాన్ని ధర అనుకుని పని మొదలుపెట్టించాం. పునాది తవ్వాక మట్టి వదులుగా ఉందని ఇంకా లోతుకు వెళ్లారు, ఈలోగా ఇసుక రేటు పెరిగింది, చివరికి లక్షా ఇరవై వేలు అయింది. నేను గొడవ పెట్టుకుంటే ఆయన ఆ కాగితమే తీసి చూపించాడు. "సార్, నేను ఎస్టిమేట్ అనే రాశాను కదా. గుత్తకు మాట్లాడుకుందాం అని మీరు అడిగి ఉంటే అప్పుడే వేరే రేటు చెప్పేవాణ్ని" అన్నాడు. మాటకు కట్టుబడితే ఆయనదే న్యాయం.

ఎస్టిమేట్ అంటే ఇంత కావచ్చు. కొటేషన్ అంటే ఇంతకు చేస్తాను. సాధారణంగా కొటేషన్‌ను మీరు ఒప్పుకుంటే అది ఒప్పందం అవుతుంది, మధ్యలో రేటు మార్చడానికి ఉండదు. కొటేషన్ మీద ఎన్ని రోజులు చెల్లుతుందో కూడా రాస్తారు. ఆఫీసులో మూడు కొటేషన్లు తెమ్మంటే మూడు ఎస్టిమేట్లు తీసుకెళ్లకండి. ఇంటి పనిలో కాగితం తీసుకునే ముందు ఇది ఎస్టిమేటా, కొటేషనా అని నోరు తెరిచి అడగండి.

బంగారం తాకట్టు పెట్టేటప్పుడు బ్యాంకులో చూసే ఆయనను అప్రైజర్ అంటారు. ఆయన చేసేది ఎస్టిమేట్ కాదా?

ఆ బల్ల దగ్గర ఒక్కసారి నిలబడి చూస్తే ఈ అనుమానం తీరిపోతుంది. ముందు గొలుసును తూకం వేస్తాడు. అది మొత్తం బరువు. తర్వాత రాళ్లు, పూసలు, లోపల నింపిన లక్క ఎంత ఉంటుందో చూసి తీసేస్తాడు. మిగిలింది నికర బరువు. నల్లటి గీటురాయి మీద నగను ఒక మూల రుద్దుతాడు, సన్నటి పసుపు గీత పడుతుంది. దాని మీద యాసిడ్ చుక్క వేసి, గీత నిలుస్తుందా, రంగు మారుతుందా అని కళ్లు చిట్లించి చూస్తాడు. కొన్నిచోట్ల ఇప్పుడు ఈ పని మిషన్ చేస్తోంది. 22 క్యారెట్లా, 18 క్యారెట్లా తేల్చి, ఆ స్వచ్ఛతకు ఉన్న రేటును నికర బరువుతో గుణించి, విలువ రాసి సంతకం పెడతాడు.

నిపుణుడు వస్తువును దగ్గరగా పరీక్షించి, దానికి డబ్బు రూపంలో విలువ చెప్పి, ఆ మాటకు బాధ్యత వహించడం: అప్రెయిజ్ అంటే ఇదంతా. మీ బావగారు గొలుసును అరచేతిలో ఎగరేసి "నాలుగు తులాలు ఉంటుందిలే" అంటే అది ఎస్టిమేట్.

ఈ మాటకు మూలం లాటిన్‌లో ధర అని అర్థమిచ్చే 'ప్రెటియం'. ఇంగ్లీషు 'ప్రైస్', 'ప్రెషస్' కూడా దాని పిల్లలే.

మరి హాల్‌మార్క్ సెంటర్లలో 'అస్సేయింగ్' అని రాసి ఉంటుంది. అదేమిటి?

అస్సే అంటే లోహంలో అసలు సరుకు ఎంత ఉందో పరీక్షించడం. ఇందులో డబ్బు ప్రస్తావన లేదు, స్వచ్ఛత ఒక్కటే తేలుతుంది. నగ మీద 916 అని ఉంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం అని. 22ను 24తో భాగిస్తే వచ్చే అంకె అదే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగల అమ్మకానికి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తు (ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు సంఖ్య) తప్పనిసరి చేశారు. అస్సే చేసి స్వచ్ఛత తేలాకే ఆ గుర్తు వేస్తారు.

హాల్‌మార్క్ అనే మాటలోని హాల్ లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ హాల్. కంసాలి సంఘంవారి ఆ భవనానికి నగలు తెచ్చి పరీక్ష చేయించుకుని ముద్ర వేయించుకునేవారు. ఇంకో ముచ్చట ఉంది. పిల్లలు రాసే 'ఎస్సే' కూడా ఈ అస్సేకు తోబుట్టువే. రెండింటికీ పాత ఫ్రెంచిలో 'ప్రయత్నించి చూడటం' అనే అర్థం. వ్యాసం రాయమంటే భయపడే పిల్లలకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను. ఎస్సే అంటే ఒక ఆలోచనను గీటురాయి మీద గీసి చూడటమే అంటే వాళ్లకు కాస్త ధైర్యం వస్తుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అప్రైజల్ సీజన్ అంటారు. మనిషిని బంగారంలా తూస్తారా?

మాట అదే. ఏడాది పొడవునా చేసిన పని చూసి రేటింగ్ ఇస్తారు, దాన్ని బట్టి జీతం పెంపు ఉంటుంది. హైదరాబాద్‌లో అప్రైజల్ నెలల్లో ఎవరిని కదిలించినా టెన్షనే. అయితే ఇక్కడ తేలేది పనితనపు విలువ, మనిషి విలువ కాదు. ఇంగ్లీషులో దాని పూర్తి పేరు 'పెర్ఫార్మెన్స్ అప్రెయిజల్'. ముందున్న మాటను మనం వాడుకలో వదిలేశాం. రేటింగ్ తగ్గిన రోజు ఇంటికి వచ్చి నేనెందుకూ పనికిరాననుకునే పిల్లలను చూశాను. ఆ వదిలేసిన మాటను వాళ్లకు గుర్తుచేయాలి.

అప్రెయిజ్, అప్రైజ్: రెండూ ఒకటి కాదా?

ఒకటి కాదు. ఇందులో మన లిపి వల్ల వచ్చిన గొడవ కూడా ఉంది. విలువ కట్టే మాటలో మధ్య అచ్చు 'రేజ్' అన్నట్టు పలుకుతుంది, స్పెల్లింగులో ఏ, ఐ పక్కపక్కన ఉంటాయి. దాన్ని తెలుగులో అప్రైజల్, అప్రైజర్ అని రాయడం అలవాటైంది. నిజానికి 'రైజ్' అని పలికే మాట ఇంకొకటి ఉంది, దాని మధ్యలో 'ఏ' ఉండదు, 'ఐ' ఒక్కటే. దాని అర్థం సమాచారం తెలియజేయడం. విలువతో దానికి సంబంధం లేదు. దాని మూలం నేర్చుకోవడం అనే ఫ్రెంచి మాటలో ఉంది.

కాబట్టి మేనేజరుకు 'ఐ విల్ అప్రైజ్ యూ ఆఫ్ ద సిట్యుయేషన్' అని రాయాలంటే మధ్యలో 'ఏ' లేని మాట రాయాలి. అక్కడ 'ఏ' పెట్టారంటే మీ మేనేజరుకు మీరు ధర కడుతున్నట్టు అవుతుంది. తర్వాత 'ఆఫ్' వస్తే తెలియజేయడమే అని గుర్తు పెట్టుకోండి. ఇంత తంటా ఎందుకనుకుంటే 'ఇన్ఫార్మ్' అని రాసేయండి, నేనైతే అదే రాస్తాను.

అసెస్ అంటే పన్నుల మాటా, చదువుల మాటా?

పుట్టింది పన్నుల ఇంట్లో. లాటిన్‌లో దాని మూలానికి 'పక్కన కూర్చోవడం' అని అర్థం. న్యాయాధికారి పక్కన కూర్చుని, ఎవరు ఎంత కట్టాలో తేల్చే సహాయకుడి పని నుంచి ఈ మాట వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, అసెస్‌మెంట్ నంబరు ఉంటుంది. ఆదాయపు పన్ను కట్టేవాణ్ని 1961 చట్టం 'అసెసీ' అని పిలిచింది, ఏడాదిని 'అసెస్‌మెంట్ ఇయర్' అంది. 2024-25లో సంపాదించినదానికి 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ అని రాయడం దగ్గర ఎంతమంది తికమక పడ్డారో లెక్కలేదు. 2025లో చేసిన కొత్త చట్టంలో దాన్ని తీసేసి 'ట్యాక్స్ ఇయర్' అని ఒకే మాట పెట్టారు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. మంచి పని.

తర్వాత ఈ మాట పన్ను దాటి చాలా దూరం వెళ్లింది. కారుకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ తరఫున వచ్చేది సర్వేయర్ అండ్ లాస్ అసెసర్. కాలేజీలను పరిశీలించి గుర్తింపు ఇచ్చే నాక్ పేరులో మొదటి 'ఏ' నేషనల్ అసెస్‌మెంట్‌లోని అసెస్‌మెంటే.

మనవాళ్ల నోట రోజూ నానే ఒక మాటలో కూడా ఇది దాక్కుని ఉంది. వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వెళ్తారు కదా. ఆ సదరం తెలుగు మాట కాదు. ఒక సాఫ్ట్‌వేర్ పేరులోని ఇంగ్లీషు అక్షరాల కూర్పు అది, అందులో ఎస్ తర్వాతి ఏ అంటే అసెస్‌మెంట్. డాక్టరు అక్కడ మనిషికి విలువ కట్టడం లేదు. చేయి ఎంతవరకు కదులుతోంది, చెవి ఎంతవరకు వినిపిస్తోంది అని చూసి శాతం రాస్తున్నాడు. కనీసం 40 శాతం ఉందా లేదా అన్నదాని మీద పింఛను, రిజర్వేషన్ లాంటివి ఆధారపడతాయి. అర్హత తేలే చోట అసెస్ వస్తుందని నేను పైన చెప్పింది ఇదే. అక్కడ 'ఎస్టిమేట్' అని వాడితే డాక్టరు కంటితో చూసి ఊహించాడని అర్థం వచ్చేస్తుంది, క్యూలో నిలబడ్డవాళ్లకు అన్యాయం చేసినట్టే.

బడిలో అసెస్‌మెంట్ అంటారు, ఎవాల్యుయేషన్ అంటారు. టీచర్లే కలిపేస్తున్నారు. తేడా ఏమిటి?

టీచర్లను తప్పుపట్టలేం, వ్యవస్థే రెండూ కలిపి వాడింది. నిరంతర సమగ్ర మూల్యాంకనం అంటాం కదా, ఇంగ్లీషులో సీసీఈ. అందులో చివరి 'ఈ' అక్షరం ఎవాల్యుయేషన్‌ది. ఆ పద్ధతిలోనే పిల్లలకు పెట్టేవి ఎఫ్ఏ (ఫార్మేటివ్, నేర్చుకుంటుండగా చూసేది), ఎస్ఏ (సమ్మేటివ్, చివర చూసేది). వాటిలోని 'ఏ' అక్షరం మాత్రం అసెస్‌మెంట్‌ది. ఫార్మేటివ్, సమ్మేటివ్ అనే విభజన చేసిన మైకేల్ స్క్రివెన్ 1967లో ఎవాల్యుయేషన్ గురించే రాశాడు. ఆ రెండు విశేషణాలు తర్వాత అసెస్‌మెంట్ పక్కన చేరాయి.

నాకు అర్థమైన తేడా చెబుతాను. ఏడో తరగతి పిల్ల భిన్నాల కూడికలో తప్పు చేసింది. టీచరమ్మ పక్కన కూర్చుని నోటుబుక్కు చూస్తే, హారాలు వేరైనా లవాలను అలాగే కలిపేస్తోందని తెలిసింది. ఎక్కడుంది, ఎక్కడ ఆగింది అన్నది తేలింది. ఇది అసెస్‌మెంట్, దీని తర్వాత చేయాల్సిన పని ఉంటుంది. స్లిప్ టెస్టు, ప్రాజెక్టు పని లాంటివి ఉన్నది దీనికోసమే. ఇక ఏడాది చివర, భిన్నాలను కాగితం మడతలతో నేర్పిన పద్ధతి పనిచేసిందా, వచ్చే ఏడాది కొనసాగించాలా అని స్టాఫ్‌రూములో కూర్చుని తేల్చుకుంటే అది ఎవాల్యుయేషన్. పిల్లను అసెస్ చేస్తాం, పద్ధతిని, పథకాన్ని, పుస్తకాన్ని ఎవాల్యుయేట్ చేస్తాం. అందరూ ఈ గీతను పాటించరు, కానీ పరిశోధన వ్యాసం రాసేవాళ్లు పాటిస్తే చదివేవాళ్లకు హాయిగా ఉంటుంది.

బీఈడీ చదివేవాళ్లకు ఒక మాట. బెంజమిన్ బ్లూమ్ 1956లో ఆలోచనా స్థాయిలకు వేసిన మెట్లలో అన్నిటికన్నా పైది ఎవాల్యుయేషన్. 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరించినప్పుడు పై మెట్టు 'క్రియేట్' అయింది, 'ఎవాల్యుయేట్' ఒక మెట్టు కిందికి దిగింది. ఏ జాబితా అడిగారో చూసుకుని జవాబు రాయండి.

ఇంటర్ పేపర్లకు 'స్పాట్ వాల్యుయేషన్' అంటారు. ఇంటి లోనుకూ వాల్యుయేషన్ అంటారు. ఇదెలా?

పేపర్లు దిద్దడాన్ని వాల్యుయేషన్ అనడం మన దేశపు ఇంగ్లీషు. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది, తప్పేమీ కాదు. విదేశాల్లో చదివేవాళ్లు మాత్రం 'మార్కింగ్' అనో 'గ్రేడింగ్' అనో రాయాలి. అక్కడ వాల్యుయేషన్ అంటే ఆస్తికి, కంపెనీకి విలువ కట్టడమే. 'మై ఆన్సర్ షీట్ వాల్యుయేషన్' అని అమెరికా ప్రొఫెసరుకు మెయిల్ పెడితే ఆయన అర్థం చేసుకోవడానికి కాస్త ఆలోచించాలి. రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులను మళ్లీ కూడటం, రీవాల్యుయేషన్ అంటే జవాబులను మళ్లీ దిద్దడం. ఫీజు కట్టే ముందు ఏది కావాలో చూసుకోండి.

ఇంటి లోను దగ్గర బ్యాంకు పంపేది వాల్యుయర్‌ను. ఆయన రాసే విలువ, రిజిస్ట్రేషన్ ఆఫీసు పుస్తకంలో ఉండే మార్కెట్ వాల్యూ, బయట నిజంగా నడిచే రేటు తరచు మూడు వేరువేరు అంకెలుగా ఉంటాయి. రిజిస్ట్రేషన్ శాఖ 'మార్కెట్ వాల్యూ' అన్నది స్టాంపు డ్యూటీ లెక్కకు పెట్టుకున్న అంకె. పేరులో మార్కెట్ ఉంది కదా అని దాన్ని బట్టి స్థలం బేరం ఆడకండి.

ప్రైస్, కాస్ట్, వాల్యూ, వర్త్: వీటిని ఎలా విడదీయాలి?

రైతుబజారులో నిలబడండి. టమాటా పండించడానికి రైతుకు అయిన ఖర్చు కాస్ట్. బోర్డు మీద రాసిన ధర ప్రైస్. ఆ రోజు మీ ఇంట్లో పప్పులోకి టమాటా ఎంత అవసరమో అది వాల్యూ. ఆ ధరకు ఆ సరుకు తగునా అనేది వర్త్. టమాటా రేటు పడిపోయి రోడ్డు మీద పారబోసిన రోజున ప్రైస్ కాస్ట్ కన్నా కిందికి పోయిందన్నమాట. ఆ రైతు చెమట వాల్యూ మాత్రం తగ్గలేదు.

వ్యాకరణం దగ్గర రెండు జాగ్రత్తలు. వర్త్ క్రియ కాదు, 'ఇట్ వర్త్స్' అనకూడదు, 'ఇట్ ఈజ్ వర్త్' అనాలి. దాని తర్వాత క్రియ వస్తే ఐఎన్‌జీ రూపం: 'వర్త్ సీయింగ్'. ఇక 'కాస్ట్'కు భూతకాలం కూడా 'కాస్ట్' అనే ఉంటుంది. 'కాస్టెడ్' అనే రూపం ఉంది గానీ, దానికి ఖర్చు లెక్కకట్టారు అని అర్థం.

'ఇన్‌వాల్యుయబుల్' అంటే విలువ లేనిదా?

చాలా విలువైనది అని. ముందు 'ఇన్' ఉంది కాబట్టి లేదు అనే అర్థం వస్తుందని అందరూ పడే గుంత ఇది. మన 'అమూల్యం' గుర్తు తెచ్చుకోండి. 'అ' అంటే లేదు, మూల్యం అంటే విలువ. అయినా అమూల్యమైన సలహా అంటే పనికిరాని సలహా అనుకోం, వెల కట్టలేనంత గొప్పది అనుకుంటాం. 'ప్రైస్‌లెస్' కూడా ఇదే దారి, మన 'వెలలేని'లాగా. నిజంగా విలువ లేనిది చెప్పాలంటే 'వర్త్‌లెస్' లేదా 'వాల్యూలెస్'. ఇన్ని మాటల్లో తెలుగువాళ్లకు పుట్టుకతో వచ్చినట్టు అర్థం కావలసింది ఇదొక్కటే, బడిలో అమూల్యంతో కలిపి చెప్పకపోవడం వల్ల కష్టమైపోయింది.

'ఐ అప్రీషియేట్ ఇట్' అంటే మెచ్చుకోవడం. రూపాయి 'అప్రీషియేట్' అయింది అంటారు. ఎవరు మెచ్చుకున్నారు?

అప్రెయిజ్, అప్రీషియేట్ ఒకే లాటిన్ మాటకు పుట్టినవి, ధర కట్టడం అని. విలువ గ్రహించడం నుంచి మెచ్చుకోవడం, కృతజ్ఞత వచ్చాయి. విలువ పెరగడం ఇంకో కొమ్మ. స్థలం రేటు పెరిగినా, డాలరుతో రూపాయి బలపడినా అప్రీషియేట్ అవుతుంది. తగ్గితే డిప్రీషియేట్.

ఎస్టిమేట్‌కూ ఇలాంటి కుటుంబమే ఉంది. గౌరవం అనే అర్థమున్న 'ఎస్టీమ్', గురి అనే అర్థమున్న 'ఎయిమ్' రెండూ ఎస్టిమేట్ పుట్టిన లాటిన్ మాట నుంచే వచ్చాయి. ఇది చదివిన రోజు నాకు మన 'గురి' గుర్తొచ్చింది. బాణానికి గురి ఉంటుంది, నమ్మిన డాక్టరు మీద కూడా గురి ఉంటుంది. లక్ష్యానికీ గౌరవంతో కూడిన నమ్మకానికీ మనం ఒకే మాట వాడుతున్నాం. రెండు భాషలకూ చుట్టరికం లేకపోయినా మనుషుల ఆలోచన ఒకే దారిలో నడవడం చూస్తే ఎంతో సంతోషంగా ఉంటుంది.

'గేజ్' స్పెల్లింగు ఎప్పుడూ తప్పుతోంది.

జీ, ఏ, యూ, జీ, ఈ. యూ ఉన్నా 'గాజ్' అని పలకరు. రైల్వే బ్రాడ్ గేజ్ మాట అదే. పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్ అయితే 1,000. వాన కొలిచేది రెయిన్ గేజ్. కొలిచే సాధనం క్రియగా మారితే, కొలవలేనిదాన్ని పసిగట్టడం అనే అర్థం వచ్చింది. మీటింగులో అందరి ముఖాలు చూసి ఎవరు ఒప్పుకుంటున్నారో, ఎవరు ఒప్పుకోవడం లేదో గ్రహించడం గేజ్ చేయడం. మన 'నాడి పట్టడం' దానికి దగ్గర.

రేట్, రేటింగ్, ర్యాంక్, స్కోరు?

ర్యాంక్ వరుసలో చోటు చెబుతుంది, ఇతరులు ఉంటేనే అది ఉంటుంది. ఎంసెట్ అయినా, ఇప్పటి ఈఏపీసెట్ అయినా మీ మార్కులు మారకపోయినా ర్యాంకు మారవచ్చు. రేటింగ్ ఒక కొలబద్ద మీద స్థాయి చెబుతుంది, ఐదు చుక్కల్లో నాలుగు అన్నట్టు. స్కోరు ఒట్టి అంకె. సిబిల్‌లో 300 నుంచి 900 వరకు వచ్చేది స్కోరు.

'వీ కెనాట్ అండర్ఎస్టిమేట్ హర్ కాంట్రిబ్యూషన్' అని సన్మానపత్రంలో రాశాం. తప్పా?

తిరగబడింది. ఆమె సేవను ఎంత తక్కువ చేసి చెప్పినా ఇంకా ఎక్కువే చెప్పినట్టు అనే అర్థం అందులోంచి లాగవచ్చు. ఇంగ్లీషువాళ్లు కూడా తరచు చేసే పొరపాటు ఇది. 'కెనాట్' ఉంటే 'ఓవర్ఎస్టిమేట్' పెట్టండి, ఎంత ఎక్కువ చెప్పినా తక్కువే అని. 'అండర్ఎస్టిమేట్' కావాలంటే ముందు 'షుడ్ నాట్' రాయండి, తక్కువ అంచనా వేయకూడదు అని.

'డోంట్ జడ్జ్ మీ' అని పిల్లలు అంటున్నారు. జడ్జ్ చేయడం చెడ్డ పనా?

పాత అర్థంలో కాదు. దూరాన్ని జడ్జ్ చేయవచ్చు, పాటల పోటీని జడ్జ్ చేయవచ్చు. జడ్జ్ చేసేది మనిషిని అయినప్పుడు మాత్రం, తెలుసుకోకుండా తీర్పు చెప్పేయడం అనే అర్థం బలపడింది. అందుకే ఇంటర్వ్యూలో 'ఐ కెన్ జడ్జ్ పీపుల్' అనకండి, 'అసెస్' అనండి. స్పెల్లింగు విషయానికి వస్తే కోర్టు తీర్పుకు జీ తర్వాత ఈ ఉండదు. మామూలు వాడుకలో బ్రిటన్‌వాళ్లు ఈ పెడతారు, అమెరికావాళ్లు పెట్టరు.

తెలుగులోకి అనువదించేటప్పుడు ఏ మాటలు పెట్టాలి?

నేను వాడేవి చెబుతాను. ఎస్టిమేట్‌కు అంచనా, మరీ సుమారు అయితే ఉజ్జాయింపు. అసెస్‌కు పన్నుల్లో మదింపు, మనుషుల విషయంలో 'స్థాయిని పరిశీలించి' అని విడమరచి రాస్తాను. ఎవాల్యుయేట్‌కు మూల్యాంకనం పుస్తకాల్లో ఉంది, మామూలు పాఠకులకు 'బాగోగులు చూడటం' చాలు. పోల్చి చూసేటప్పుడు బేరీజు ఎంతో మంచి మాట, మరాఠీలో దానికి కూడిక అని అర్థం. లాభనష్టాలు రెండూ వేసి కూడుకుని చూడటం అందులో వినిపిస్తుంది. అప్రెయిజ్‌కు వెలకట్టడం. అప్రైజల్ అనే ఉద్యోగపు మాటకు తెలుగు వెతకను, ఎవరూ వాడరు.

పిల్లలకు ఇవన్నీ ఇంట్లో ఎలా నేర్పాలి?

జాబితా బట్టీ పెట్టించకండి. మేం మా పాపతో చేసేది చెబుతాను. సంతకు వెళ్లి గుమ్మడికాయ కొంటాం. చేతిలో పట్టుకుని ఎన్ని కిలోలుంటుందో చెప్పమంటాను, అది ఎస్టిమేట్. కాటా మీద పెట్టాక వచ్చేది మెజర్. వేలితో తట్టి, తొడిమ చూసి, ముదిరిందో లేదో తను చెబుతుంది, అది అసెస్. ఇంటికి వచ్చి వాళ్లమ్మ పులుసు పెట్టాక, ఈసారి ఆ అంగడిలోనే కొనాలా, వేరే చోట చూడాలా అని ముగ్గురం తింటూ తేల్చుకుంటాం, అది ఎవాల్యుయేట్. మొన్న మూడున్నర కిలోలు అంది. కాటా మీద మూడు కిలోల ఆరువందలు వచ్చింది. పులుసు మాత్రం బాగా కుదిరింది, మళ్లీ అక్కడే కొందామంది.